ఆ ఎర్ర గీత మంట కాదు

సంపాదకులు గారికి నమస్కారం.

గత ఆదివారం మీ పత్రికలో వచ్చిన సముద్రగర్భం బొమ్మ గురించి ఈ ఉత్తరం రాస్తున్నాను. జపాన్‌కు తూర్పున ఉన్న సముద్రపు కందకం కింద భూమి పైపొర ఎలా ఉందో శాస్త్రవేత్తలు చిత్రించారని వార్త. వార్త నాలుగు వాక్యాలు, బొమ్మ నాలుగు కాలమ్‌లు. నీలం, పసుపు రంగుల మధ్య ఏటవాలుగా ఒక ఎర్ర గీత. పైన శీర్షిక ‘సముద్రం అడుగున రగులుతున్న పగులు’. బొమ్మ పక్కన కొలత లేదు. ఏ రంగు దేనికో రాయలేదు. దాన్ని ఎట్లా తీశారో ఒక్క ముక్క లేదు.

వడ్డేపల్లి చెరువు కట్ట దగ్గర రిటైరైన వాళ్లం నలుగురం పొద్దున్నే చాయ్ తాగే హోటల్ ఒకటుంది. అక్కడికి మీ పేపరే వస్తుంది. ఆ రోజు చాయ్ పోసే పిల్లగాడు పేపర్ నా ముందు పెట్టి, "కాకా, సముద్రం కింద మంట లేసిందట, చూసినవా?" అన్నాడు. పక్కనున్న పెద్దమనిషి అంతటితో ఆగలేదు. "మన ములుగుల భూమి ఊగింది గందుకే. అక్కడ పగిలితే ఇక్కడి దాకా వస్తది" అన్నాడు. మధ్యాహ్నానికి ఆ బొమ్మ ఫోన్లలోకి ఎక్కింది. రాత్రికి మా కాలనీ వాట్సాప్ గ్రూపులో దాని కింద ఒక తేదీ కూడా చేరింది, పెద్ద భూకంపం వచ్చే తేదీ. ఎవరు పెట్టారని అడిగితే ఒక్కరూ పలకలేదు. ఆ తేదీ మీరు వేసింది కాదు, ఒప్పుకుంటాను. ఎర్ర గీత మాత్రం మీదే.

నేను చదివింది పదో తరగతి. భూపాలపల్లి వైపు బొగ్గుబాయిల్లో ముప్పై ఏళ్ల పైచిలుకు పని చేశాను. మొదట తట్ట మోశాను, తర్వాత పరీక్ష రాసి షాట్‌ఫైరర్‌నయ్యాను. బొగ్గు గోడకు రంధ్రాలు వేయించి, మందు పెట్టి, మట్టి ఉండలతో మూతి బిగించి, విజిల్ వేసి అందరినీ పక్కకు పంపి పేల్చడం నా పని. ఇట్లాంటి వాడికి సముద్రం గురించి ఏం తెలుసని మీకు అనిపించవచ్చు. సముద్రాన్ని నేను చూసింది కూడా రెండే సార్లు, ఒకసారి సూర్యలంకలో, ఒకసారి విశాఖలో. కానీ రాయిని కొట్టి, అది పలికే తీరును బట్టి లోపల ఏముందో తెలుసుకోవడం మా బతుకు. మీరు వేసిన బొమ్మ కూడా అట్లా కొట్టి, విని గీసిందే. దాన్ని ఫొటో అనుకోవడంతోనే గొడవంతా మొదలైంది.

బాయిలో షిఫ్టు మొదలుకాగానే చేసే మొదటి పని రూఫ్, అంటే నెత్తి మీది రాతి కప్పు, చూడటం. చూడటం అంటాం గానీ అది వినడమే. టోపీ లైటు వెలుగులో రాయంతా ఒక్క తీరుగానే కనిపిస్తుంది. కర్రతోనో గడ్డపార మొనతోనో తట్టాలి. ఖంగుమంటే గట్టిది. డబడబమంటే గుల్ల, అంటే రెండు పొరల మధ్య ఎక్కడో ఎడం వచ్చింది. ఒక చేత్తో తడుతూ రెండో చేతి వేళ్లు రూఫ్‌కు ఆనిస్తే, గుల్ల ఉన్నచోట సన్నటి అదురు తెలుస్తుంది. నాకు పని నేర్పిన సర్దార్‌కు, అంటే మా జట్టు పెద్దకు, ఒక చెవి వినపడేది కాదు. ఆయన వేళ్లతోనే వినేవాడు. ఆయన ‘ఊఁ’ అంటే తప్ప మేం ముందుకు అడుగు వేసేవాళ్లం కాదు.

మా చెల్లె కొడుకు ఉస్మానియాలో జియోఫిజిక్స్ చదివి, కొన్నేళ్లు సర్వే నౌకల మీద పని చేశాడు. దసరాకు వచ్చినప్పుడల్లా నేను బాయి ముచ్చట్లు చెబుతాను, వాడు నౌక ముచ్చట్లు చెబుతాడు. "నీ గడ్డపారే మా ఎయిర్‌గన్ మామా, నీ వేళ్లే మా హైడ్రోఫోన్లు. గంతే తేడా" అంటాడు. గంతే కాదు, చాలానే ఉంది. మొదలు మాత్రం అదే.

నౌక వెనక నీళ్లలో ఎయిర్‌గన్లను లాక్కెళ్తారు. పేరు గన్ అయినా అందులో మందు ఉండదు. బాగా ఒత్తిడి పట్టించిన గాలిని ఒక్కసారిగా నీళ్లలోకి వదులుతారు. వెనకటి రోజుల్లో సముద్రంలో కూడా డైనమైటే పేల్చేవారట. చేపలు చచ్చి తేలేవి, పేల్చేవాళ్లకూ ప్రమాదమే. 1960ల నుంచి ఎయిర్‌గన్లు వచ్చి ఆ పని తగ్గింది. నౌక నడుస్తూనే ఉంటుంది, కొన్ని పదుల మీటర్లకు ఒక షాట్ చొప్పున రాత్రింబవళ్లు పడుతూనే ఉంటుంది. దగ్గర్లో తిమింగలాలు ఉన్నాయేమో చూడటానికి మనిషిని కాపలా పెడతారు. మొదలుపెట్టేటప్పుడు చిన్న చప్పుడుతో మొదలుపెట్టి మెల్లమెల్లగా పెంచుతారు, అవి తప్పుకుని పోవడానికి. ఇది విన్నప్పుడు నాకు నా విజిల్ గుర్తొచ్చింది.

ఆ చప్పుడు నీళ్లు దాటి అడుగు మట్టిని తాకితే కొంత వెనక్కి వస్తుంది, కొంత లోపలికి దిగుతుంది. మట్టి కింద రాయి తగిలిన చోట మళ్లీ కొంత వెనక్కి వస్తుంది. నౌక వెనక కిలోమీటర్ల పొడవున ఒక కేబుల్ వస్తుంటుంది, స్ట్రీమర్ అంటారు. నీళ్లలో వినే మైకులు, అవే హైడ్రోఫోన్లు, దాని నిండా వందలకొద్దీ ఉంటాయి. వెనక్కి వచ్చిన ప్రతి చప్పుడూ వాటిలో పడుతుంది. ఇది కాక ఇంకో రకం ఉంది. భూమి అదురును పట్టే సీస్మోమీటర్ పెట్టెకు బరువు కట్టి సముద్రం అడుగుకు వదులుతారు. లోతు రాళ్ల వెంట పదుల కిలోమీటర్లు పక్కకు ప్రయాణించిన చప్పుడు అక్కడికి చేరుతుంది. ఎంత దూరానికి ఎంతసేపు పట్టిందో లెక్క కడితే ఏ పొరలో ఎంత వేగంతో పోయిందో తేలుతుంది. నీళ్లలో సెకనుకు కిలోమీటరున్నర, మెత్తటి ఒండ్రులో రెండు, సముద్రం అడుగు రాతిలో ఆరేడు, దాని కింద మాంటిల్ అనే లోతు రాతి పొరలో ఎనిమిది. సముద్రం అడుగున ఈ రాతి పైపొర మందం ఆరేడు కిలోమీటర్లే. మన కాళ్ల కింద అయితే దాదాపు నలభై.

పని అయ్యాక నౌక మీది నుంచి నీళ్లలోకి ఒక కూత పంపితే, ఆ పెట్టె బరువును వదిలేసి పైకి తేలుతుంది. ఆరు కిలోమీటర్ల లోతు నుంచి రావడానికి గంటన్నర పైనే పడుతుంది. రాత్రయితే దాని నెత్తి మీద మెరిసే లైటు కోసం అందరూ రెయిలింగ్ పట్టుకుని చూస్తుంటారట. ఒక్కోటి రానే రాదు. "అది రాకుంటే ఇంటికి మనిషి రానట్టే ఉంటది మామా" అన్నాడు మా అల్లుడు. బాయి మీద లాంప్ రూమ్‌లో టోపీ లైట్ల లెక్క చూసుకునే వాళ్లకు ఆ మాట ఇంకొకరు చెప్పక్కర్లేదు.

ఇక మీ బొమ్మ దగ్గరికి వస్తాను. ఇట్లాంటి బొమ్మల్లో ఎరుపు వేడికి గుర్తు కాదు. చప్పుడు మెత్తటి పొర నుంచి గట్టి పొరకు దిగితే ప్రతిధ్వని ఒక తీరుగా ఊగుతుంది, గట్టి దాని నుంచి మెత్తదానికి దిగితే దానికి ఎదురు తీరుగా ఊగుతుంది. కంప్యూటర్‌లో ఒకదానికి ఎరుపు, ఒకదానికి నీలం వేస్తారు. ఏది దేనికన్నది గీసేవాళ్ల ఇష్టం. అందుకే పక్కన రాసిపెట్టాలి. బొమ్మను ఫోన్లో పంపితే మా అల్లుడు చూసి, పసుపు రంగు చూస్తుంటే వేగాల బొమ్మను కూడా దాని మీద పరిచినట్టున్నారని చెప్పాడు. అట్లయినా ఆ రంగు చెప్పేది ఆ రాతిలో చప్పుడు ఎంత వేగంగా పోయిందన్నదే.

మరి ఆ ఎర్ర గీత ఏమిటి? రెండు పలకలు, అంటే భూమి పై పెంకులోని రెండు పెద్ద ముక్కలు, కలిసే చోటు. పసిఫిక్ పలక ఏడాదికి 8 సెంటీమీటర్ల పైచిలుకు జపాన్ కిందికి దూరుతోంది. మన గోళ్లు పెరిగే దానికన్నా రెట్టింపు వేగం. దూరే పలకకూ పైన ఉన్న పలకకూ నడుమ ఉన్న జారుడు పొర అది. జపాన్‌కు దక్షిణాన నాంకై అనే ఇంకో కందకం ఉంది. అక్కడ ఈ సరిహద్దు నుంచి వచ్చే ప్రతిధ్వని చాలా మేర తిరగబడి వస్తుంది, అంటే గట్టిదాని కింద మెత్తది. నీళ్లు పట్టి, ఆ నీళ్లు బయటికి పోలేక ఒత్తిడితో ఉన్న పొర. మా భాషలో చెప్పాలంటే గుల్ల. కిలోమీటర్ల కేబుల్ లాగి, నెలల తరబడి లెక్కలు కట్టి వీళ్లు వెతికేది మా సర్దార్ వేళ్లతో వెతికిన దాన్నే. ఇది తెలిసిన రాత్రి నాకు సరిగా నిద్ర పట్టలేదు.

బొమ్మలో ఇంకో కిటుకు కూడా ఉంటుంది. నిలువు కొలత చాలాసార్లు లోతు కాదు, కాలం. చప్పుడు పోయి రావడానికి పట్టిన సెకన్లు. ఎనిమిది సెకన్లకు ప్రతిధ్వని వచ్చిందంటే పోను నాలుగు, రాను నాలుగు. నీళ్లలో అది ఆరు కిలోమీటర్ల లోతు. అదే రాతిలో అయితే ఒక్క సెకను తేడాకే మూడు కిలోమీటర్ల లోతు వస్తుంది. కాలాన్ని లోతుగా మార్చకుండా వేస్తే నీళ్లు సాగిపోయి, రాయి నలిగిపోయి కనిపిస్తుంది.

లోతుగా మార్చినా, చాలాసార్లు నిలువు సాగదీసే వేస్తారు. వంద కిలోమీటర్ల వెడల్పు, పదిహేను కిలోమీటర్ల లోతు ఉన్న బొమ్మను మీ నాలుగు కాలమ్‌లలో ఉన్నదున్నట్టు వేస్తే అంగుళం మందం పట్టీ వస్తుంది. అందులో ఏమీ కనిపించదు కాబట్టి నిలువుగా సాగదీస్తారు. శాస్త్రవేత్తలకు అది తెలుసు, ఎన్ని రెట్లు సాగదీశామన్నది మూలన రాసుకుంటారు. మీ దగ్గర ఆ మూల కత్తిరింపులో పోయింది. దాంతో ఆ ఎర్ర గీత బావిలోకి తోసేసినట్టు నిటారుగా కనిపిస్తోంది. నిజానికి జపాన్ కందకం మొదట్లో ఆ పలక దిగే వాలు ఐదారు డిగ్రీలు, మా లెక్కలో ఇంచుమించు 1 ఇన్ 10, అంటే పది అడుగులకు ఒక అడుగు దిగుడు. నేను రోజూ టిఫిన్ డబ్బా పట్టుకుని బాయిలోకి దిగిన వాలు దారి, ఇంక్లైన్, అంతకన్నా నిటారు.

మా మనుమరాలు తొమ్మిదో తరగతి. ఇదంతా చెబితే నమ్మకుండా గ్రాఫ్ కాగితం తెచ్చుకుని కూర్చుంది. అడ్డం, నిలువు ఒకే కొలతతో మీ బొమ్మను మళ్లీ గీసింది. గీసి, "తాతా, ఇది మీద పడేటట్టు లేదు, పండుకున్నట్టుంది" అన్నది. ఆ పట్టీ చూశాక మా ఇంట్లో టెన్షన్ సగం తగ్గింది.

కందకం అన్న మాట కూడా జనాన్ని తప్పుదారి పట్టిస్తోంది. ఖిలా వరంగల్ చుట్టూ ఉన్న కందకాన్ని చూసిన కళ్లకు అది ఎవరో తవ్విన గుంతలా తోస్తుంది. సముద్రంలో అది పలక వంగి కిందికి పోయే మడత. అన్ని మడతలూ ఒక్కలా ఉండవు. నాంకై దగ్గర, ఇండోనేషియాలోని సుమత్రా దగ్గర ఒండ్రు ఎక్కువ. దూరే పలక వీపు మీది ఒండ్రును పై పలక గీకి ముందర కుప్ప పోస్తుంది. కల్లంలో ఆరబోసిన వడ్లను సాయంత్రం చెక్కతో నెడతాం కదా, చెక్క ముందర గట్టులా లేస్తాయి. ఇంకా నెడితే గట్టు పెరుగుతుంది, వాలు మాత్రం అంతే ఉంటుంది. అడుగున ఒక పలచటి వరుస చెక్కకు అందక పరదా మీదే మిగులుతుంది చూడండి, ఆ గట్టుకూ ఆ వరుసకూ నడుమ ఉన్నదే మీ ఎర్ర గీత. జపాన్ కందకం దగ్గర ఒండ్రు తక్కువ. అక్కడ పెద్ద కుప్ప లేదు సరికదా, దూరే పలక పైదాని అడుగును అరగదీసుకుంటూ పోతుంది. ఇక సుమత్రా నుంచి అండమాన్ వైపు వచ్చేసరికి గంగా బ్రహ్మపుత్రలు హిమాలయాల నుంచి మోసుకొచ్చిన మట్టి ఎంతగా కమ్మేసిందంటే, కందకం కందకంలాగే కనిపించదు. చప్పుడు పంపి వింటే తప్ప కింద పలక ఎక్కడ వంగిందో తెలియదు. అక్కడ దూరేది మన పలకే. అది మోసుకుపోయిన నీరు లోతుల్లో బయటపడి పై రాయిని కరిగిస్తేనే బారెన్ ద్వీపంలో అగ్నిపర్వతం ఉంది. ఇప్పుడు శ్రీ విజయపురం అంటున్న పోర్ట్‌బ్లెయిర్‌కు 140 కిలోమీటర్ల దూరంలో ఉన్న మన దేశపు ఏకైక సజీవ అగ్నిపర్వతం అదే. నిప్పు కావాలనుకుంటే మీ శీర్షిక అక్కడ పెట్టాల్సింది.

జపాన్ వాళ్ల పని గురించి మీరు నాలుగు వాక్యాలతో సరిపెట్టడం నాకు ఇంకా బాధ. 2011 మార్చి 11 భూకంపానికి ముందు చాలామంది నిపుణుల లెక్క ఏమిటంటే, కందకం అంచున మట్టి మెత్తన, అది పెద్దగా ఉరకదు అని. వాళ్ల అదృష్టం కొద్దీ 1999లో ఆ కందకానికి అడ్డంగా ఒక వరుస వెంట సముద్రం అడుగును కొలిచి పెట్టుకున్నారు. భూకంపం అయిన కొద్ది రోజులకు నౌక వేసుకుని అక్కడికే పోయి మళ్లీ కొలిచారు. రెండూ పక్కపక్కన పెడితే కందకం దగ్గర సముద్రం అడుగు దాదాపు 50 మీటర్లు పక్కకు జరిగి ఉంది, పైకి కూడా లేచి ఉంది. మా వీధి పొడవు అంత ఉండదు. మరుసటి ఏడాది చిక్యు అనే నౌక దాదాపు 6,900 మీటర్ల నీళ్ల కింద, అడుగు నుంచి మరో 800 మీటర్ల పైన బోరు దింపి ఆ సరిహద్దును తాకింది. అంత విధ్వంసం చేసిన పొర మందం ఐదు మీటర్ల లోపే. లోపలి నుంచి తెచ్చిన ముక్క చూస్తే జారుడు బంకమన్ను. వానకు తడిసిన నల్లరేగడిలో కాలు జారేది కూడా ఆ జాతి మన్ను వల్లే. ఇది రాసి ఉంటే మా చాయ్ హోటల్లో నెల రోజులు మాట్లాడుకునేవాళ్లం.

ములుగు సంగతి. 2024 డిసెంబర్ 4 ఉదయం ఏడున్నర కావస్తుంటే 5.3 తీవ్రతతో భూమి అదిరింది. నేను చెరువు కట్ట మీద నడుస్తున్నాను, నాకు తెలియలేదు. ఇంట్లో మా ఆవిడకు స్టవ్ పక్కన గిన్నెలు మోగాయి. ఆ ఏడాది ఆగస్టు చివర తాడ్వాయి అడవిలో వేలాది చెట్లు ఒక్కసారిగా నేలకూలినప్పటి నుంచీ జనంలో భయం ఉండనే ఉంది, దాని మీద ఇది. కానీ దానికీ సముద్రపు కందకానికీ ముడిపెట్టడం కుదరదు. అండమాన్ దగ్గరి కందకం మనకు వెయ్యి కిలోమీటర్లకు పైనే. ములుగు అదురు మన గోదావరి లోయలో, దాదాపు 40 కిలోమీటర్ల లోతులో వచ్చింది. ఈ లోయ కోట్ల ఏళ్ల కింద భూమి చీలి కుంగిన చోటు. ఆ కుంగిన చోట చేరిన పొరల్లోనే మన బొగ్గు ఉంది. ఆ పాత ఫాల్టులు, అంటే రాతిలోని చీలికలు, మాకు కొత్త కాదు. బొగ్గు పొరను పట్టుకుని పోతుంటే ఉన్నట్టుండి రాయి ఎదురయ్యేది. ఫాల్టు తగిలింది, పొర పైకో కిందికో జరిగిపోయింది అని అర్థం. ఉత్తరాన హిమాలయాల దగ్గర మన పలక ఆసియాకు ఒత్తుకుంటూనే ఉంది. ఆ ఒత్తిడి ఎప్పుడో ఒకసారి ఇట్లాంటి పాత చీలికల్లో తీరుతుంది. 1969 ఏప్రిల్ 13న భద్రాచలం దగ్గర 5.7 వచ్చింది. అప్పుడు నేను ఏటూరునాగారం దగ్గర మా ఊళ్లో ఉన్నాను, పద్నాలుగేళ్లు. దూలం మీది మట్టి రాలి అన్నంలో పడితే మా బాపు ఎలుకలను తిట్టాడు.

ఈ లోయను కూడా చప్పుడుతో చూశారు. హైదరాబాద్‌లోని ఎన్‌జీఆర్‌ఐ, అంటే జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ, వాళ్లు 1972లో కావలి నుంచి ఉడుపి దాకా గీత గీసి, బోరు రంధ్రాల్లో మందు పేల్చి, భూమి పైపొరను లోతు దాకా విన్నారు. ఆ తర్వాత గోదావరి లోయలోనూ అదే పద్ధతిలో చేశారు, ఆ ఫలితాలు 1990లో అచ్చయ్యాయి. అంటే మా పనే. అప్పుడు ఎక్కడెక్కడ పేల్చారో, ఎవరు పేల్చారో తెలుసుకోవాలని నాకు చాలా కోరిక.

వాట్సాప్‌లో తేదీ పెట్టినవాడి కోసం ఒక సంగతి చెబుతాను. ఒకసారి ఒక గ్యాలరీ మలుపులో రూఫ్ తడితే గుల్ల పలికింది. పెద్ద పెళ్ల, గడ్డపారతో దింపగలిగేది కాదు. అడ్డం కట్టించి, ఎవరూ పోవద్దని సుద్దతో గీత పెట్టాను. ఆ షిఫ్టులో పడలేదు. మర్నాడు పడలేదు. నాలుగో రోజుకు తోటివాళ్లు నవ్వడం మొదలుపెట్టారు. ఆ దారి మూసినందుకు చుట్టూ తిరిగి పోవాల్సి వచ్చేది, తిట్టుకున్నారు కూడా. వారం దాటాక నాకే అనుమానం వచ్చి, అడ్డం బయట నిలబడి కర్ర చాచి మళ్లీ తట్టాను. అదే డబడబ. పదకొండో రోజు రెండో షిఫ్టులో పడింది, కింద ఎవరూ లేరు. అది పడుతుందని నాకు తెలుసు. ఎక్కడ పడుతుందో చేత్తో గీత గీసి చూపించగలను. ఎంత పెళ్ల అన్నది కూడా ఇంచుమించు చెప్పాను. ఎప్పుడన్నది మాత్రం పదో రోజు రాత్రి కూడా చెప్పలేకపోయాను. కందకం బొమ్మ గీసినవాళ్లు కూడా చెప్పేది ఆ మొదటి మూడింటి గురించే. నాలుగోది చెప్పానన్నవాడు బాయిలో దిగలేదు, నౌకా ఎక్కలేదు.

ఎప్పుడో తెలియనప్పుడు ఈ బొమ్మలెందుకని మా పెద్దమనిషి అడిగాడు. 2004 డిసెంబర్ 26 ఆదివారం, మాకు ప్లే డే, అంటే బాయికి సెలవు. సుమత్రా దగ్గర ఉదయం ఆరున్నరకు పలక జారింది. అండమాన్ల దాకా దాదాపు 1,300 కిలోమీటర్లు చీలుకుంటూ పోయింది. మన తీరానికి నీళ్లు వచ్చింది తొమ్మిది ప్రాంతంలో. నడుమ రెండు గంటలకు పైగా టైముంది. చెప్పేవాడు లేడు. బాయి మీద విజిల్ వేయకుండా మందు పేల్చినట్టయింది. అన్ని దేశాల్లో కలిపి రెండు లక్షల మందికి పైగా పోయారు. నేను టీవీ ముందు కూర్చుని ఆ రెండు గంటల గురించే ఆలోచించాను. ఇప్పుడు ఆ విజిల్ ఉంది. 2007 నుంచి సునామీ హెచ్చరిక కేంద్రం హైదరాబాద్‌లోనే, ఇన్‌కాయిస్ అనే సముద్ర సమాచార సంస్థలో నడుస్తోంది. సముద్రం ఆనవాలు లేని ఊళ్లో కూర్చుని వాళ్లు సముద్రానికి కాపలా కాస్తున్నారు.

ఆ కాపలాకు ఈ బొమ్మలు కావాలి. 2012 ఏప్రిల్ 11న సుమత్రా దగ్గర 8.6 వచ్చింది. అంకె చూస్తే గుండె ఆగుతుంది, కానీ పెద్ద సునామీ రాలేదు. అక్కడ జరిగింది కందకం మీద కాదు, దానికి పడమర మన పలక లోపల. రాళ్లు ఒకదాన్నొకటి పక్కకు రాసుకుంటూ జరిగాయి, నీళ్లను పైకి ఎత్తలేదు. ఎక్కడ ఏ ఫాల్టు ఉంది, ఏ వాలున ఉంది, అది లేస్తుందా పక్కకు జరుగుతుందా అన్నది ముందే తెలిసి ఉంటే, అలారం మోగిన నిమిషాల్లో ఎవరిని ఖాళీ చేయించాలో చెప్పగలుగుతారు. ఇందులోనూ తికమకలు ఉన్నాయి. 2016లో సుమత్రా కందకానికి ముందరి ఒండ్రులో బోరు వేసి చూస్తే, ఆ మట్టి కింది పొర కందకం చేరకముందే తనలోని నీటిని వదిలి గట్టిపడుతోందని తేలింది. గుల్లే కాదు, గట్టిగా ఖంగుమన్నది కూడా ఒకనాడు జారగలదన్నమాట. మా సర్దార్ బతికి ఉంటే ఈ మాట నమ్మేవాడు కాదు, నాతో పోట్లాడేవాడు.

నేను మిమ్మల్ని సవరణ వేయమని అడగటం లేదు. ఇట్లాంటి బొమ్మ మళ్లీ వేసేటప్పుడు కొలత ఉన్న మూలను కత్తిరించకండి. ఏ రంగు దేనికో ఒక్క వరుస రాయండి. నిలువు ఎన్ని రెట్లు సాగదీశారో చెప్పండి. శీర్షిక పెట్టేవారికి చోటు చాలదని తెలుసు, ‘సముద్రం అడుగును విన్నారు’ అంటే మీ శీర్షిక కన్నా ఒక మాట తక్కువే అవుతుంది. వీలైతే మీ విలేకరిని ఒకసారి ఎన్‌జీఆర్‌ఐకి పంపి, గోదావరి లోయ కింద వాళ్లకు ఏం వినిపించిందో రాయించండి. సముద్రం బొమ్మ కన్నా అది మా హోటల్లో ఎక్కువ మంది చదువుతారు.

మా మనుమరాలు గీసిన గ్రాఫ్ కాగితాన్ని, మీ పేపర్ కత్తిరింపును కలిపి పిన్ను పెట్టి పంపుతున్నాను. ఉత్తరం అచ్చు వేయకపోయినా ఫర్వాలేదు. ఆ కాగితం మాత్రం తిరిగి పంపండి, బడిలో సైన్స్ సార్‌కు చూపించాలట. స్టాంపు అంటించిన కవరు లోపలే ఉంది.

ఇట్లు,
మీ పాఠకుడు,
రిటైర్డ్ షాట్‌ఫైరర్,
వడ్డేపల్లి, హనుమకొండ.